పేరు ఖాళీ లేదు

రాత్రి ఒంటిగంటా పది.
బస్టాండు వెనక లాడ్జిలో కౌంటరు కాడ నేను,
ఓనరు కొడుకు వద్దని పారేసిన లాప్‌టాప్,
అరవై ఒక్క శాతం కాడ ఆగిపోయిన పచ్చగీత.
పదిహేడేళ్ళ నాటి ఆట. ముప్పై ఎనిమిది జీబీ.
మూడో అంతస్తులో ఎవరో వీడియో చూస్తా ఉన్నట్టుండారు,
గీత కదల్లేదు.

దించుకోనా వద్దా అని ధనంజయుల్ని అడిగితే
"అందరూ దిగిపొయ్యి డిపోకి పోతా ఉండే బస్సప్పా అది,
ఇప్పుడెక్కి యాడికి పోతావు?
ఆ ఆట ఎప్పుడో కొండెక్కింది" అన్నాడు.
తిరపతిలో ఆ మాటకి రెండర్థాలు.
దీపం కొండెక్కితే చీకటి.
మనుషులు కొండెక్కితేనే నాకు జీతం.

చిత్తూరులో టెన్తు చదివేటప్పుడు
గంటకి పదిహేను రూపాయల నెట్ సెంటర్లో
ఒకడి కుర్చీ వెనక నిలబడి చూసినాను దీన్ని.
వాడి పేరు తెలీదు. చెవికి పోగుండేది.
మంచు కొండ మీద వాడు గుర్రం దిగినాడు,
ఇంకెవరో మంట రాజేసినారు,
ముక్కూ మొగం తెలీనోళ్ళు ఆరుగురు చుట్టూ కూచున్నారు.
యుద్ధం లేదు. నిధి లేదు. ఊరికే కూచున్నారు.
నాకు గుర్తుండేది అంతే.

నెలనెలా కట్టే దుడ్డు కావాలని ఇంట్లో అడిగితే
మాయమ్మ పాలకేంద్రం చీటీలన్నీ చాప మీద పరిచి
"నువ్వే లెక్క చెప్పు" అనింది.
చెప్పలా.

ఇప్పుడు ఆట ఉచితం.
ఉచితమైందంటే కొనేవాళ్ళు పోయినట్టే,
అది నాకు తెలుసు.
మంట కాడ ఆ ఆరుగురు ఉండరు.
ఉండేవాళ్ళు పైమెట్టు మీద,
నేను కట్టెకత్తి పట్టుకోని కింద,
దోవ అడిగితే చెప్పే ఓపికైనా మిగిలుంటుందా వాళ్ళకి?

ఆఖరి బంతికి పోతే
పాయసం గిన్నె గీకతా ఉంటారు, నిజమే.
కానీ ఆ బంతిలోనే గదా
వంటోళ్ళూ వడ్డించినోళ్ళూ కూచునేది,
వెనక ఎవరూ నిలబడకుండా,
ఆకు మడిచేది మరిచిపొయ్యి మాట్లాడతా.

ఈ లాడ్జిలో రెండో రాత్రి ఎవరూ ఉండరు.
గుండ్లకి గంధం పూసుకోని వస్తారు,
బకెట్టు అడగతారు, లడ్డు కవరు వాసన వదిలిపెట్టి పోతారు.
తొమ్మిదేళ్ళలో నన్ను
పేరు పెట్టి పిలిచినోళ్ళు ఇద్దరు.
ఒకాయన కళ్ళద్దాలు మరిచిపొయ్యి వెనక్కొచ్చినాడు.
రెండో ఆయన ఎవరో గుర్తు రాలేదు ఇప్పుడు.
అక్కడేమో పదిహేడేళ్ళుగా
ఒకే వీధిలో తిరగతా ఉండేవాళ్ళు ఉండారంట.

రెండూ నలభైకి గీత నిండింది.
పేరేమి, ఏ జాతి, ఏ పని అని అడిగింది తెర.
రోజూ అందరినీ నేనడిగే మాటలు,
నన్నడిగితే కొంచెం సిగ్గేసింది.
మునిచంద్ర, అని కొట్టినాను.
ఈ పేరు ఖాళీ లేదు, అనింది.

ముని అని పేర్లు పెట్టేది మా పక్కే.
అయితే పుత్తూరోడో, చంద్రగిరోడో, నగరి మగ్గం కాడోడో
నా కంటే ముందే వచ్చి
నా పేరుతో ఆ మంచులో తిరిగినాడు.
ఇంకా ఉండాడో,
తాళం ఇవ్వకుండా వెళ్ళిపోయినాడో.
వాడి కోసమైనా ఒకసారి పొయ్యి చూడాలనిపించింది,
చూసి ఏమి మాట్లాడాలో తెలీలా.

ఆటో ఆగింది. నిద్రపోయే పాపని భుజానేసుకోని ఒకాయన.
"రూముందా సార్?"
ఉంది. సంతకం చెయ్యండి. ఎంతమంది, ఎన్నాళ్ళు.
"ఒక్క రాత్రే."

వెనక్కొచ్చి చూస్తే
పేరు చోట చిన్నగీత ఇంకా మిణకతా ఉండాది.
మునెమ్మ, అని కొట్టినాను.
ఖాళీగా ఉండాదంట.

ఇంకా నొక్కలా.
నూటా ఆరులో వేన్నీళ్ళు అడగతా ఉండారు.