పాలపళ్ళు

ఎనిమిది సీట్ల విమానం.
పెట్టెలతోపాటు మమ్మల్నీ తూకం వేశారు.
రెండు కిలోలు ఎక్కువైతే
నా బూట్లు హార్న్ దీవిలోనే వదిలేశాను,
టూత్‌బ్రష్షుల కట్ట మాత్రం వదల్లేదు.

టోరెస్ జలసంధిలో ఆ దీవి
పైనుంచి చూస్తే
సముద్రం నమలడం మొదలుపెట్టి
మధ్యలో మరిచిపోయిన పచ్చటి ముక్క.

బడి లైబ్రరీయే మా ఆస్పత్రి.
అట్లాసుల అర పక్కన మడతకుర్చీ విప్పాం,
తాబేళ్ళ బొమ్మలున్న చాప మీద బకెట్ పెట్టాం.
పది దాటగానే కంప్రెసర్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
ఇక చేత్తోనే,
తలకు కట్టుకున్న దీపంతోనే
నలభై ఒక్క నోళ్ళు.

ఏ నోరు తెరిచినా దుకాణం అరలు కనిపిస్తున్నాయి:
నీళ్ళ సీసా, దాని పక్కనే సగం ధరకి ఎర్ర సోడా,
సరుకుల పడవ ఈసారి కూడా తేని బ్రష్షుల ఖాళీ కొక్కెం.
తప్పు ఎవరిదని అడగడానికి పగలు తీరిక లేదు.
సాయంత్రం జెట్టీ మీద తీరిక దొరికింది,
అడిగే ధైర్యం లేదు.

కెజియాకి ఏడేళ్ళు.
నోట్లో వేలు పెడితే కొరకలేని పిల్ల అనుకున్నాను.
కొరికింది.
గ్లవ్ మీద వరసగా నాలుగు గంట్లు,
ఐదోది పడాల్సిన చోట ఖాళీ.
ముందుపన్ను ఊడిందని అలా తెలిసింది.

ఆ తర్వాత పెదాలు కుట్టేసుకుంది.
కుడి బుగ్గ వాచి ఉంది.
మూడు వారాలుగా రాత్రిళ్ళు నిద్ర లేదట.
పంటి బిగువున ఓర్చుకోవడం అనే మాట
పిప్పిపన్ను లేనివాడెవడో పుట్టించి ఉంటాడు.

వాళ్ళ అవ్వ డోర్కాస్
పూల గౌను సర్దుకుని
తనే ఎక్కి కూచుంది కుర్చీలో.
నోరు తెరిచింది.
మూడే ఉన్నాయి.
మూడింటినీ మర్యాదగా లెక్కపెట్టాను.
తలదీపం విప్పి పిల్ల చేతికిచ్చాను.
ఆటు తీసిన రాళ్ళ సందుల్లో పీతను వెతికినట్టు
అవ్వ నోట్లోకి తొంగిచూసింది కెజియా,
చాలాసేపు.
"ఇక్కడేం లేదు, చీకటి" అంది.
అదే మొదటి మాట.

తర్వాత తనూ ఎక్కింది.
దవడపన్ను దక్కలేదు, తీసేశాను.
పోయినేడు వచ్చి ఉంటే దక్కేది.
పోయినేడు జాబితాలో ఈ దీవి కింద ఉంది,
కింది దాకా మేం రాలేదు.
అది రాయడానికి ఫారంలో గడి లేదు.

ఊడిన పన్ను మా వైపు ఇంటి కప్పు మీదికి విసురుతారని
నోరు జారాను.
వెంటనే విసిరింది.
రేకుల మీద టంగుమని మోగి, గలగలా దొర్లి
వాననీళ్ళ తొట్టి గొట్టంలోకి పోయింది.
డోర్కాస్ నన్ను చూసింది.
నేను ఆకాశం చూశాను.

వెళ్ళే ముందు గుప్పెడు పళ్ళు తెచ్చిచ్చింది కెజియా.
వోంగై అన్నారు.
కొరికితే పెదాలకి అదే జిగురు, నాలుక్కి అదే తీపి,
ఎర్రమట్టి గుట్టల్లో మేం ఏరుకున్న పాలపళ్ళకి
వేలు విడిచిన చుట్టం.
నోట్లోవీ పళ్ళే, చెట్టువీ పళ్ళే మా భాషలో.
పాలపన్ను పీకించుకుని పాలపళ్ళిచ్చావు పిల్లా
అని చెప్పాలనుంది,
ఇంగ్లీషులో అది రెండు ముక్కలై రాలిపోయింది.

ఇవి తిన్నవాళ్ళు మళ్ళీ ఈ దీవికి వచ్చితీరతారట.
మిగిలిన సెలవులు గుర్తొచ్చాయి.
అయినా ఇంకోటి నోట్లో వేసుకున్నాను.
గింజ కటుక్కుమంది.
ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి!
నా పాత ఫిల్లింగు అరచేతిలో పడింది.

విమానం లేచింది.
సామానంతా పెట్టెల్లో, పెట్టెలు తోకలో.
కెయిర్న్స్‌లో నా డాక్టరు సోమవారం చూస్తానంది.
ఇవాళ శుక్రవారం.
నాలుక మాటిమాటికీ ఆ గుంటలోకే పోతోంది.