లోడ్ ఆర్డర్

ముందు పాత ఫోల్డరుని పక్కకి తీసి పెట్టాలి.
దానికి పేరు: "అసలుది, ముట్టుకోవద్దు".
ఈ జాగ్రత్త నేర్పింది సీటీసీ మూడో అంతస్తు ముబీన్,
సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డుకి రసీదు అడిగితే నవ్వినవాడు.
"గేమ్ ఖరాబైతే మళ్ళీ దించుకోవచ్చు భాయ్,
నువ్వు మార్చుకున్నదే ఇంకెక్కడా దొరకదు."

వారాసిగూడలో నా గది. నెత్తిమీద నీళ్ల ట్యాంకు.
రాత్రి పదకొండు దాటాక మోటారు ఆగుతుంది,
అప్పటిదాకా లేనట్టున్న కంప్యూటర్ ఫ్యాను
అప్పుడు వినిపిస్తుంది.

ఆట ఏదో మంచుదేశానిది.
అక్కడ బస్సులు వేళకి వస్తాయి,
ఫుట్‌బోర్డు మీద ఎవరూ వేలాడరు,
ఊరికే హారన్ కొడితే పాయింట్లు పోతాయి.
అలాంటి ఊళ్లోకి నేను
సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్‌కి వెళ్లే
రెండంతస్తుల ఎర్రబస్సుని
ముక్కలు ముక్కలుగా చేరవేశాను.

రంగు ఒక మాడ్. తెలుగు బోర్డు ఇంకో మాడ్.
వత్తులు ఊడిపోయి, పొల్లులు రాలిపోయి
రెండు రోజులు ఆ బస్సు "అఫజలగంజ"కే తిరిగింది.
హారన్ కింది వాటా బాల్‌నర్సయ్యది.
ఇరవై ఆరేళ్లు డబుల్ డెక్కర్ నడిపిన మనిషి,
నోటితో ఊది ఫోన్లో రికార్డు చేసిచ్చాడు.
మధ్యలో రెండుసార్లు దగ్గాడు.
ఒక దగ్గు కోసేశాను.
రెండోది ఉంచాను.

ముప్పై నాలుగో మాడ్ దగ్గర
ఆట తెరుచుకోవడం మానేసింది.
నల్లతెర. ఒక్క ముక్క చెప్పదు.
దీనికో పద్ధతుంది: సగం ఆపి చూడు.
నడిచిందా, తప్పు ఆపిన సగంలో ఉంది.
మళ్ళీ అందులో సగం.
మా అమ్మ చేటలో బియ్యాన్ని
చిటికెడు చిటికెడు అటు జరిపినట్టు
పదిహేడు, తొమ్మిది, ఐదు, రెండు...

పాల ప్యాకెట్లవాడి బండి చప్పుడయ్యే వేళకి దొరికింది.
బస్సు కాదు. బోర్డు కాదు. దగ్గు కాదు.
వాన.
ఊరూ పేరూ చెప్పుకోని ఎవరో చేసిన వాన,
రోడ్డు మీద నిజంగా నిలబడుతుందని మోజుపడి తెచ్చుకున్నది.
అదీ, నా ట్యాంక్‌బండ్ రోడ్డూ
ఒకే ఫైలు మీద చెయ్యి వేశాయి.
వరుసలో చివర వచ్చినవాడి మాటే చెల్లుతుంది కదా అని
వానని చివర పెట్టాను, రోడ్డు మాయం.
రోడ్డుని చివర పెట్టాను, చినుకు లేదు.
వాన పడితే రోడ్డు పోవడం
ఈ ఊరికి కొత్తా ఏమన్నానా
అని కాసేపు నాలో నేను నవ్వుకుని,
రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిచి
అక్కడివి నాలుగు లైన్లు, ఇక్కడివి ఏడు లైన్లు
కలిపి మూడోది రాసుకున్నాను.

ఆదివారం బాల్‌నర్సయ్య మోకాలు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.
"క్లచ్ ఏదిరా?"
"లేదు తాతా, ఈ మీటలే."
"మరి కాలు ఏం జెయ్యాలె?"
అన్నాడే గానీ, గేరు మారినప్పుడల్లా
ఆయన ఎడమకాలు నా గచ్చుని తొక్కుతూనే ఉంది.

ట్యాంక్‌బండ్ మీద వాన.
ఆబిడ్స్‌లో వాన.
అఫ్జల్‌గంజ్‌లో తలుపు తెరిచి, ఆపి, కూర్చున్నాడు.
స్టాపులో పిట్ట లేదు.
కార్డు మొయ్యలేదని మనుషుల మాడ్ నేనే ఆపేశాను.
"ఎవరూ లేరు, పోనియ్యి తాతా."
"ఆగు. దవాఖానల డ్యూటీ దిగి నర్సమ్మలు వస్తరు."

వైపర్లు అటూ ఇటూ.
ఆయన వేలు బ్రేకు మీట మీద అలాగే ఉంది.
ఆయన చూడకుండా మెనూ తెరిచి
మనుషుల పక్కన టిక్కు పెట్టాను.
ఫ్యాను గోలపెట్టింది, బొమ్మ నత్తలా నడిచింది,
అప్పుడు ఎక్కారు నీళ్లలోంచి ఒక్కొక్కరే:
పొడుగు కోట్లు, ఉన్ని టోపీలు,
మొహాలింకా లోడ్ కాని మనుషులు.

నాకు సిగ్గేసింది.
"వీళ్లు మనోళ్లు కాదు తాతా, మార్చి పెడతా."
"ఎవలైతేంది.
జెర లోపలికి జరగమను.
ఎనకోళ్లు తడుస్తున్నరు."