చాప కప్పని వరసలు

యామె కొండల్లో నలభై ఏళ్లు
తేయాకు మీద గడ్డిచాపలు కప్పాడు ఇసాబురో.
ఎండ తగిలితే ఆకు చేదెక్కుతుంది,
చేదెక్కితే ధర దిగుతుంది.

ఇప్పుడు వేలికొసన సూది.
అరచేతి యంత్రంలో
రెండు వందల పదకొండు.

పరిశోధనశాల పిల్ల చినత్సు
గుమ్మంలో బూట్లు విప్పి, మోకాళ్ల మీద కూర్చుంది.
"తాతగారూ, కాటెచిన్లంటే ఆ చేదే.
అన్నం చక్కెరగా విడిపోయే చోట
కాస్త అడ్డుపడతాయేమోనని చూస్తున్నాం.
ఇంకా తేలలేదు.
మాత్రలు మాత్రం మానకండి."

అతను నవ్వలేదు.
జన్మంతా తను తోటలోంచి తరిమినవాణ్ణి
ఎవరో పేరు పెట్టి
వెతుక్కుంటూ వచ్చినట్టుంది.

ఈ వసంతం
చివరి మడిలో ఏడు వరసలకు చాప పడలేదు.
"మర్చిపోయావా?" అంది తొమియె.
"మోకాలు నొప్పి" అన్నాడు.

ఆ ఆకు మొదటి గుక్కకి
ముఖం చిట్లించాడు.
కప్పు కింద పెట్టలేదు.
తొమియె అలవాటు కొద్దీ
ఎర్రచిక్కుడు మిఠాయి పళ్లెం ముందుకు జరిపి,
గతుక్కుమని వెనక్కి లాగబోయింది.

పళ్లెం అంచు పట్టుకున్నాడు.
"సగం ముక్క.
మిగతా సగం నువ్వు,
నా కళ్ల ముందే."