మోచేతి మీద నీలం

పొద్దున్న ఏడున్నరకు
పీటర్‌హెడ్ రేవు మీంచి వచ్చే గాలి
మా గుమ్మం దాకా చేపల వాసన మోసుకొస్తుంది.
అందుకని మొదటి వారం
ఆ వాసన గాలిదే అనుకున్నాను.

రెండో వారం కిటికీలు మూసి చూశాను.
గాలిది కాదు.
బల్ల కింద కూర్చుని
ప్లాస్టిక్ గుర్రాలకు గడ్డి మేపుతున్న కర్స్టీది.

నాలుగేళ్ళ పిల్ల.
మెడ ముడతల్లో నల్లదారం లాంటి మట్టి.
చెవి వెనక జుట్టు చిక్కుపడి అట్టకట్టింది.
సోమవారం చొక్కా మీద నక్క,
గురువారమూ అదే నక్క,
కాకపోతే దాని మూతికి గుడ్డు సొన ఎండి ఉంది.

స్ట్రూఅన్‌కి ఆరేళ్ళు, కడుపులో ఏదీ దాచుకోడు.
"మోరాగ్, ఈ పిల్ల కంపు" అన్నాడు.
"నీ సాక్సు కంటే నయం" అన్నాను.
అందరూ నవ్వారు. కర్స్టీ కూడా నవ్వింది.
నవ్వుతూ నవ్వుతూనే
కాలరు పైకి లాగి వాసన చూసుకుంది.

ఆ రాత్రి అంట్లతో పాటు
వాళ్ళ నాన్నకు చెప్పాల్సిన మాటలూ తోమాను.
"కాస్త శుభ్రంగా పంపిస్తే..."
ఆ 'కాస్త'కే కోరలున్నాయి.
"మిగతా తల్లులు అంటున్నారు..."
ఎవరూ అనలేదు. నా పిరికితనాన్ని వాళ్ళ నోట్లో పెట్టడం.
"ఇంట్లో అంతా బాగేనా?"
పోలీసు ప్రశ్న.
ఏం తింది, ఎంతసేపు పడుకుంది అని
రోజూ సంచిలో పెట్టే చిన్న పుస్తకం ఉంది, అందులో రాయనా?
రాత ఇంకా పాడు. మాటైతే గాలికి పోతుంది.
రాత ఆ ఇంట్లోనే కాపురం ఉంటుంది.

నా ఏడో ఏట బడికి నర్సమ్మ వచ్చింది.
వరసలో నిలబెట్టి
నా జుట్టును పెన్సిలు మొనతో ఎత్తి చూసింది.
చేత్తో కాదు.
ఇంటికి పంపిన చీటీ చదివి
అమ్మ ఒక్క మాటా అనలేదు.
కిరసనాయిలు రాస్తున్నప్పుడు మాత్రం
నా నెత్తి మీద ఆమె వేళ్ళు వణికాయి.
నర్సమ్మ మొహం ఎంత తలుచుకున్నా రాదు.
పెన్సిలు గుర్తుంది. పచ్చది, వెనక కొరికింది.

యూఅన్ ఎప్పుడూ లోపలికి రాడు.
రబ్బరు బూట్లతో, చేతులు వెనక్కి పెట్టుకుని
రెండు మెట్లు కిందే ఆగిపోతాడు.
చేపలు కోసే షెడ్డులో పని కదా,
తివాచీ పాడవుతుందని అనుకున్నాను.
శుక్రవారం సాయంత్రం చూస్తే
గాలి మళ్ళింది, అతనూ మళ్ళాడు.
తన వాసన నాకు తగలకుండా
గాలి వాటం చూసుకుని నిలబడుతున్నాడు!
అంటే అతనికి తెలుసు.
తెలిసినవాడికి మళ్ళీ చెప్పడం
చెప్పడం కాదు, కొట్టడం.

"యూఅన్, నాకో సాయం చెయ్యాలి" అన్నాను.
"మా ఇంట్లో రంగుల ఆటలు మొదలయ్యాయి.
పిల్లలు నెత్తి నుంచి కాళ్ళ దాకా పూసుకుంటున్నారు.
నీకు అభ్యంతరం లేకపోతే
కర్స్టీని టబ్బులో ఓసారి ముంచి పంపిస్తా.
బట్టలు కూడా నా మెషిన్లోనే వేస్తా,
పాడుచేయించింది నేనే కదా."

అతను బూట్లకేసి చూశాడు, చాలాసేపు.
వీధి చివర సముద్రపు కాకి ఒకటి
చెత్త సంచీ చింపుతోంది.
ఇద్దరం దాన్నే చూశాం.
"రంగులు" అన్నాడు.
"నీళ్ళ రంగులే. పోతాయి."
"బాయిలరు" అన్నాడు, ఆ కాకితో. "పదహారో తారీఖు నుంచి."
నేను విననట్టు విన్నాను.

మొదటి రోజు మూడుసార్లు నీళ్ళు మార్చాను.
చెవి వెనక చిక్కుకు నూనె పట్టించి
ఒక్కో పోగూ వేళ్ళతోనే విడదీశాను.
కర్స్టీ గుర్రాలకు కూడా స్నానం అయింది.

బుధవారం ఒకటే వాన.
రంగుల డబ్బా తీయడమే మరిచిపోయాను.
టబ్బు నిండే చప్పుడుకు వచ్చి
రెండు చేతులూ తిప్పి తిప్పి చూపించింది.
"ఇవాళ నాకేం అంటలేదుగా?"

సీసా మూత తిప్పి
వేలితో చిటికెడు నీలం
దాని మోచేతి మీద పెట్టాను.

"అబ్బో, చాలా అయింది" అంది,
పెద్దమనిషిలా నిట్టూర్చి
టబ్బులోకి ఒక కాలు వేసింది.