అగ్గిపెట్టెంత తావు

చెంగల్రాయులు బెల్లం మండీలో
తక్కెడ పొట్ట విప్పి చూస్తే
లోపల మిగిలిన తావు అగ్గిపెట్టెంత.
దానికీ రవంత తక్కువే.
అందులో నాలుగు చిప్పులు కాపురం ఉండాల.

పోయినేడు కార్తీకం వానకు
లెక్కల పుస్తకం తడిసి
రైతుల పేర్లన్నీ ఒకే నీలం మరకయినాయంట.
"కరెంటు పోయినా మర్సిపోనిది
ఏదన్నా పెట్టమ్మా" అన్నాడాయన.

గ్రీమ్స్‌పేటలో, వంటింటి బల్ల మీద,
పిల్లోడి గళ్ల నోటుబుక్కు లాక్కొని గీసినా.
చిప్పుకు ఎనిమిది కాళ్లు,
ఇవతల నాలుగు, అవతల నాలుగు.
నాలుగిటికీ కలిపి రెండే దోవలు:
ఒకటి మాటకు, ఒకటి తాళానికి.
మూడు కాళ్లు మాత్రం పేరు కోసం.
ఏ కాలు నేలకు కడితే, ఏ కాలు కరెంటుకు కడితే
ఆ పేరు.
ఒకే ఇంట్లో నలుగురు తోడికోడళ్లు.
వాకిట్లోంచి పిలిస్తే అందరికీ వినబడుతుంది,
పేరున్నదే పలుకుతుంది.

గీత గీతను దాటకూడదు.
మెలికల ముగ్గులో దాటచ్చు, దాటితేనే అందం.
ఇక్కడ దాటితే
మన అదృష్టం బాగుంటే మౌనం,
లేకుంటే పొగ.
మూడు రాత్రులు రబ్బరు అరిగింది.
మూడో చిప్పు ఆరో కాలికి
ఎట్ల తిప్పినా దోవ లేదు.
కడాకు దాని కడుపు కిందనించే తీసకపోయినా,
మంచం కింద పిల్లి దూరినట్టు
సన్నంగా.

రెండింతలు పెద్దగా గీసిన దాన్ని
జిరాక్సు కొట్లో సగానికి కుదించి
నగలకొట్టు పాంప్లెట్ వెనకాల అచ్చు తీపిచ్చినా.
కొట్టబ్బాయి అడిగినాడు, "ఏ ఊరి మ్యాపక్కా ఇది?"
రాగి పలక మీద బోర్లేసి ఇస్త్రీపెట్టెతో ఒత్తి
పెరుగు డబ్బాలో ఫెర్రిక్ క్లోరైడు పోసినా,
అచ్చం బెల్లం పాకం రంగు.
బియ్యంలో రాళ్లు తేల్చినట్టు
ఇరవై నిమిషాలు ఆడిస్తా ఉంటే
గీతలు తప్ప అంతా కరిగిపోయింది.

అప్పుడు చూసినా.
ఒకటో కాలుండాల్సిన తావులో ఎనిమిదోది.
నేను గీసింది రాగి వైపునించి,
ఇస్త్రీలో బోర్లాపడి అద్దం మాదిరి తిరగబడింది.
రాత్రి పదకొండు. ఇంకో పలక లేదు.
కావాలంటే తిరుపతి పోవాల.
నన్ను నేనే తిట్టుకున్నా, మా నాయన తిట్టే మాటలతోనే.

చన్నీళ్లు తాగి వచ్చి
చిప్పును ఊరికే రాగి పక్కన పెట్టి చూసినా.
కాళ్లు బల్లి మాదిరి బయటికి పరిచి
గీతల మీదనే కూచోబెడితే
ఒకటి తావులో ఒకటి, ఎనిమిది తావులో ఎనిమిది.
రంధ్రాలక్కర్లేదు, డ్రిల్లక్కర్లేదు,
పలక కింద పొడుచుకొచ్చే కాళ్లు లేవు.
పొడుగూ వెడల్పూ అన్నిసార్లు కొలిచిన దాన్ని
ఎత్తు ఒక్కసారి గుడక కొలవలేదని
అప్పుడు తెలిసింది.
సరిగ్గా చేసుంటే మూత పడేది కాదు.

మూడోది మాత్రం పలకలా.
దాని కడుపు కింద ఆ సన్న గీత
ఎక్కడో తెగింది. ఇప్పుడు చూసేదెట్ల?
అలిగిందనుకొని మూడిట్లోనే సర్దినా.

మండీలో గుమాస్తా నా గోళ్ల పసుపు చూసి
"మళ్లీ పెండ్లికూతురివా" అని నవ్వినాడు.
ఏడు సార్లు సబ్బు పెట్టినా పోలా ఆ మందు.

మొదటి తూకం పెనుమూరు మునెమ్మది.
ఇరవై ఏడు కిలోల నాలుగొందలు.
చెంగల్రాయులు మెయిన్ స్విచ్చి దించినాడు.
చీకట్లో ఈగలు, బెల్లం వాసన.
పది అంకెలు లెక్కబెట్టి ఎత్తినాడు.
ఎర్రంకెలు వెలిగినాయి:
ఇరవై ఏడు, నాలుగొందలు.

"అబ్బ, మర్సిపోలేదు సూడు!" అన్నాడు.
మునెమ్మ చుట్టకుదురు దులుపుకుంటా
"నాకు గుడక గుర్తుండాది కదా సామీ,
పోయినేడు ముప్పై ఒకటి.
తడిసింది నీ పుస్తకమే" అనింది.

చెంగల్రాయులు దగ్గినాడు.
నేను తల వంచుకొని
నాలుగో స్క్రూ బిగిస్తా ఉండా.