తెల్లటి గడిలో తెల్లటి అక్షరం

ఆమె మొదటి ఉత్తరం రెండే ముక్కలు:
"మీ బ్రౌజర్ దండగ."
"ఏమీ కనపడదు."
నా జవాబు ఇంకా పొట్టి:
"నా దగ్గర బాగానే ఉంది."
ఫిర్యాదు మూసేశాను.
బ్ర్నోలో ఆ ఆదివారం మధ్యాహ్నం
కిటికీలోంచి ఎండ
నా కీబోర్డు దాకా వచ్చి కూర్చుంది.

పగలు ట్రామ్ డిపోలో తీగలు సరిచేస్తాను.
రాత్రిళ్లు ఇది, జీతం లేని కొలువు,
ఎవరో రాసి వదిలేసిన కోడ్‌కి అతుకులు వేయడం.
తిట్లు అలవాటే.
తిట్టు నొప్పి ఉందని చెబుతుంది గానీ
ఎక్కడో చెప్పదు.
ఎక్కడ అని అడగాల్సింది నేను.
అడగలేదు.

పదకొండు రోజులకు రెండో ఉత్తరం.
పేరు రాగ్న్‌హిల్డ్. ఊరు వార్డో,
నార్వే పటం మీద వేలు జారితే సముద్రంలో పడే చోటు.
చేపల రేవులో రాత్రి గుమాస్తా.

"నవంబరు చివర్లో మాకు సూర్యుడు సెలవు పెడతాడు,
జనవరి సగం దాటితే గాని రాడు.
రెండు కళ్లకూ శుక్లాలు తీశారు.
తెల్లటి తెర సూదిలా గుచ్చుతుంది.
అందుకని డెస్క్‌టాప్ అంతా నల్లగా మార్చుకున్నాను.
మీరూ మార్చి చూడండి.
బ్రౌజర్ మూసి మళ్లీ తెరవండి.
ఏ ఫారమ్ అయినా సరే, గడిలో ఏదో ఒకటి టైపు చేయండి.
కనిపించాల్సింది, నేను రాసింది.
కనిపిస్తున్నది, మంచు.

మౌస్‌తో గడి మీద గీస్తే
నీలం పట్టీలో అక్షరాలు పైకి లేస్తాయి,
వల లాగినప్పుడు చేపల్లాగా.
నెల రోజులుగా అలాగే నెట్టుకొస్తున్నాను.
మొన్న ఒక పడవ తెచ్చిన కాడ్ చేప
నాలుగు వేల రెండొందల కిలోలు.
సున్నా ఒకటి ఎక్కువ పడింది.
పడవ యజమాని పడీ పడీ నవ్వాడు.
తూకం అధికారి నవ్వలేదు.

వెర్షన్ నంబరు కింద రాశాను. బొమ్మ జతచేశాను.
బొమ్మలో ఏమీ లేదే అనిపిస్తే
అదే నా ఫిర్యాదు.
మొదటి ఉత్తరానికి మన్నించండి.
అది రాస్తున్నప్పుడు కూడా
నేనేం రాస్తున్నానో నాకు కనపడలేదు."

కర్టెన్ లాగాను.
నా యంత్రానికి మొదటిసారి చీకటి వేశాను.
ఆమె చెప్పిన మెట్లు ఒక్కొక్కటే దిగి
గడిలో నా పేరు కొట్టాను: వోయ్‌తేఖ్.
కర్సర్ గంతులు వేసుకుంటూ ముందుకెళ్లింది,
వెనక ఎవరూ లేరు.
మౌస్‌తో గీశాను, ఉన్నాను.
వదిలాను, లేను.
ఇంకోసారి గీశాను.
తప్పు దొరికిందన్న సంతోషం కాదది,
ఇంకేదో.

తప్పు గోరంత.
గడికి తెలుపు వేయమని మేమే రాశాం,
అక్షరానికి ఏ రంగో రాయలేదు.
దాన్ని డెస్క్‌టాప్ నుంచి అరువు తెచ్చుకున్నాం.
పగటి థీమ్ నలుపు ఇచ్చేది.
ఆమె థీమ్ తెలుపు ఇచ్చింది,
తన దగ్గర ఉన్నదే కదా ఎవరైనా ఇచ్చేది.
తెల్లనివన్నీ పాలు కావు, సరే,
కానీ గోడ తెల్లగా ఉంటే
రాత నల్లగానే ఉంటుందని
ఎవర్నీ అడక్కుండా ఎన్నేళ్లు నమ్మాం!

ఒకే ఒక్క వరుస చేర్చాను:
అడిగితే రెండు రంగులూ అడుగు,
పెడితే రెండూ నువ్వే పెట్టు.
టీ చల్లారిపోయింది.
మూసేసిన ఫిర్యాదు మళ్లీ తెరిచి,
"నా దగ్గర బాగానే ఉంది" అన్న నా మాటను
చెరిపేద్దామనుకుని, ఉంచేసి,
దాని కిందే రాశాను:
"నా దగ్గర కూడా బాగాలేదు. థాంక్స్."

మూడో ఉత్తరం తెల్లవారుజామున వచ్చింది,
తెల్లవారడం అంటే నాకే లెండి.
"పడవల పేర్లన్నీ కనిపిస్తున్నాయి.
అయితే జాబితా కిందికి లాగితే
మౌస్ ఉన్న వరుస
బూడిదలో బూడిదలా కలిసిపోతోంది.
దీన్ని వేరే ఫిర్యాదుగా రాయనా?"

రాయండి, అన్నాను.
థీమ్ ఇంకా నల్లగానే ఉంది,
మార్చలేదు.