మూత పెట్టి తీసిన చీకటి

కంబదూరు రోడ్డు దిగి బండి ఆపితే
ఉత్తరాన మిట్ట మీద వరసగా గాలిమరలు,
అన్నీ ఒక్కసారే కన్నుకొట్టే ఎర్రదీపాలు.
మా పక్క ధ్రువనక్షత్రం ఎంత కిందుంటుందంటే
ఆ దీపాల్లోంచి దాన్ని ఏరుకోవడానికే
నాకు అరగంట పడుతుంది.

కెమెరా పాతది.
మోటార్లు చుట్టే మౌలాలి దాని కడుపు కోసి
ఎరుపును ఆపే గాజుపలక తీసేసినాడు.
ఆ సంగతి మరిచి ఒక ముహూర్తానికి పట్టుకపోతే
పెళ్లికూతురు, అయ్యవారు, తలంబ్రాల బియ్యం
అంతా కుంకుమనీళ్లలో నానేసినట్టు వచ్చింది.
పన్నెండు వేలు ఎగ్గొట్టినారు.
ఇంక దీనికి ఆకాశమొక్కటే గిరాకీ.

రెండు చెక్కలు, ఒక తలుపు బందు,
జిరాక్సు మిషను లోంచి పీకిన మోటారు.
భూమి ఎంత తిరిగితే అంత వెనక్కి తిరుగుతుంది.
"వైండింగు బాగుంటే చుక్కలైనా నిలబడతాయి"
అంటాడు మౌలాలి, మసిచేతులు తుడుచుకుంటా.
నిమిషానికొక ఫోటో.
గొల్లకావడి కింద వేలాడే మసక మీద
నిమిషం మీద నిమిషం పేర్చుకుంటా కూర్చోవడమే.
విడిగా చూస్తే ఏ ఒక్కదాంట్లోనూ ఏమీ ఉండదు.

రెండింటికి త్రీఫేజు వచ్చింది.
చీనీతోటలోంచి టార్చి ఒకటి ఊగుకుంటా వచ్చి
నా ఎనభైమూడో ఫోటోను తెల్లగా తుడిచేసింది.
"ఎవరప్పా అది? కేబులు దొంగవా?"

దొంగను కాదక్కా, స్టూడియో వాణ్ని,
కళ్యాణదుర్గం బస్టాండు కాడ,
నీ ఆధారు ఫోటో నేనే తీసుంటా.
టార్చి ఆర్పు, పుణ్యముంటుంది.

ఆర్పింది.
హనుమక్క అంట పేరు.
మోటారు ఆన్ చేసి వచ్చి గట్టు మీద కూర్చుంది,
తెల్లారేదాకా ఆమెకూ వేరే పని లేదు.
"గొల్లకావడిని తీస్తాండావా? దాన్ని చూసే కదప్పా
మా నాయన మడికి లేచేది."
కాసేపాగి,
"నాలుగు బోర్లు దించినాం. తొమ్మిదినూర్ల అడుగులు.
మూడింట్లో చుక్క లేదు.
నీకు చూడు, పైనంతా చుక్కలే."

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

నూటనలభై అయినాక లెన్సుకు మూత పెట్టి
మళ్లీ నొక్కడం మొదలుపెట్టినాను.
"మూత తీయడం మరిచినావబ్బీ."
మరవలేదక్కా. ఇప్పుడు వట్టి చీకటే తీస్తాండా.
కెమెరాకు దాని మరకలు దానికుంటాయి,
ఆకాశానివి కానివి.
వాటిని విడిగా పట్టుకుంటే
రేపు లెక్కలో తీసెయ్యొచ్చు.
ఆమె నా మొహం వైపు చూసింది,
వడ్డీ లెక్క చెప్పేవాణ్ని చూసినట్టు.

అంతకుముందు తీసిన దాన్ని చిన్న తెర మీద పెద్దది చేసి చూపించినా.
బొటనవేలంత ఎర్రటి తడి,
మధ్యలో పాలు విరిగినట్టు తెలుపు.
పదమూడు నూర్ల ఏండ్ల కిందట బయలుదేరిన వెలుగక్కా ఇది,
ఇప్పుడొచ్చి చేరింది.
ఏండ్ల మాట ఆమె పట్టించుకోలేదు.
"దుమ్మా, పొగా?"
రెండూ. నీళ్లు గూడా ఉండాయంట, ఆవిరి మాదిరి.

నీళ్లనే మాటకు తల తిప్పింది.
తెరను వదిలేసి పైకి చూసింది,
టెంకాయ నిలబెట్టి నేల చూసే మనిషిని
ఊరంతా చూసినట్టు, నమ్మీ నమ్మకా.
"ఎన్ని అడుగుల్లో పడతాయంట?"

నా దగ్గర జవాబు లేదు.
అంతలో అవతల మోటారు గొంతు మారింది,
నీళ్లు పోయి గాలి పీలుస్తాండే చప్పుడు.
హనుమక్క కొంగు బిగించి లేచింది.

రాళ్లు, డ్రిప్పు పైపులు, తేళ్లు తిరిగే గట్టు.
టార్చి చేతిలోనే ఉంది, వెయ్యలేదు,
కాలితో తడుముకుంటా పోయింది
నా ఫోటో చెడిపోతాదని.

మూత పెట్టే ఉందక్కా, వేసుకో
అని నేను అరిచేసరికి
ఆమె స్టార్టరు దగ్గరికి చేరిపోయింది.